కారు కీలో సెల్ అయిపోతే కంగారు వద్దు. పాత సెల్‌తో మాత్రం జాగ్రత్త

వలీమా ముగిసేసరికి రాత్రి పదకొండు దాటింది. షాదీఖానా ముందు జనం పల్చబడ్డారు. నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని తల్లి, మోకాళ్ల నొప్పులతో నిలబడలేక నానీ కారు పక్కన ఎదురుచూస్తున్నారు. అబ్బా కీ మీద బటన్ నొక్కుతూనే ఉన్నారు. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. డోర్ తెరుచుకోలేదు, లైటు వెలగలేదు. "మెకానిక్‌కి ఫోన్ చేయండి భాయ్" అని ఒకరన్నారు. "కీ పోయినట్టుంది, కొత్తది చేయించాలంటే వేలల్లో అవుతుంది" అని ఇంకొకరు భయపెట్టారు.

ఇలాంటి సందర్భాల్లో చాలాసార్లు కీ పాడవదు, కారూ పాడవదు. కీ లోపల రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది. అది అయిపోతుంది, అంతే. కొత్త సెల్ చాలాచోట్ల వంద రూపాయల లోపే దొరుకుతుంది. మార్చడానికి పది నిమిషాలు చాలు. సెల్ పూర్తిగా అయిపోయినా డోర్ తెరిచి బండి స్టార్ట్ చేసే దారి చాలా కార్లలో కంపెనీయే పెట్టి ఉంటుంది. ఆ దారి తెలియకపోవడం వల్లే అర్ధరాత్రి కుటుంబమంతా రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది.

ఇందులో అసలైన ప్రమాదం వేరే ఉంది. కీలోంచి తీసి బల్ల మీద పడేసిన పాత సెల్‌ను చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదకు వస్తుంది. అందుకే సెల్ మార్చడం ఎలాగో తెలుసుకోవడం ఎంత అవసరమో, తీసిన సెల్‌ను ఏం చేయాలో తెలుసుకోవడం అంతకంటే అవసరం.

కీ లోపల ఏముంటుంది?

రిమోట్ ఉన్న కారు కీలో సాధారణంగా రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. మొదటిది రిమోట్ పని. బటన్ నొక్కగానే కీ రేడియో సిగ్నల్ పంపుతుంది, కారు దాన్ని అందుకుని లాక్ తీస్తుంది. దీనికి సెల్ కావాలి.

రెండోది దొంగతనాన్ని ఆపే చిప్. దీన్ని ఇమ్మొబిలైజర్ అంటారు. కీలో ఉన్న ఈ చిప్‌ను కారు గుర్తుపడితేనే ఇంజన్ స్టార్ట్ అవుతుంది. ఈ చిప్‌కు సెల్‌తో పని లేదు. స్టార్ట్ చేసే చోట కారే చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పంపిస్తుంది. చిప్‌కు కావలసిన కాస్త కరెంటు దాని నుంచే అందుతుంది. అందుకే సెల్ చచ్చిపోయిన కీతో కూడా బండి స్టార్ట్ చేయవచ్చు.

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లకు ఇచ్చే స్మార్ట్ కీ ఇంకాస్త ఎక్కువ పని చేస్తుంది. జేబులో ఉండగానే కారు పిలుపుకు జవాబిస్తూ ఉంటుంది. అందుకే మామూలు రిమోట్ కీ కంటే దీని సెల్ తొందరగా అయిపోతుంది. వాడకాన్ని బట్టి ఒకటి రెండేళ్లు వస్తే సరిపోయినట్టే. మామూలు రిమోట్‌లో అంతకంటే ఎక్కువ కాలం రావచ్చు.

ముందే తెలిసే గుర్తులు

సెల్ సాధారణంగా ఒక్కసారిగా ఆగిపోదు. ముందుగా కొన్ని సూచనలు ఇస్తుంది.

ఇంతకుముందు ఇంటి గుమ్మం దగ్గర నుంచి తెరుచుకున్న కారు, ఇప్పుడు దగ్గరకు వెళ్తేగానీ తెరుచుకోదు. ఒక్కసారి నొక్కితే సరిపోయేది రెండు మూడుసార్లు నొక్కాల్సి వస్తుంది. కీ మీద చిన్న లైటు ఉంటే అది మసకగా వెలుగుతుంది, లేదా అసలు వెలగదు. చాలా కొత్త కార్లలో మీటర్ దగ్గర కీ బ్యాటరీ తగ్గిందని హెచ్చరిక కూడా వస్తుంది. దాన్ని చూసి "తర్వాత చూద్దాంలే" అని వదిలేస్తేనే షాదీఖానా ముందు నిలబడే రాత్రి వస్తుంది.

తప్పు నిజంగా కీ సెల్‌దేనా అన్నది తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. బీరువాలో దాచిన రెండో కీ తీసి చూడండి. అది బాగా పనిచేస్తే మొదటి కీలో సెల్ అయిపోయినట్టే. రెండు కీలూ పనిచేయకపోతే అనుమానం కారు పెద్ద బ్యాటరీ మీదకు వెళ్లాలి. హారన్ నీరసంగా మోగడం, లోపలి లైట్లు మసకగా ఉండడం, స్టార్ట్ చేస్తే టకటకమని మాత్రమే చప్పుడు రావడం, ఇవన్నీ కారు బ్యాటరీ బలహీనపడిన గుర్తులు. అప్పుడు కీలో ఎన్ని కొత్త సెల్లు వేసినా లాభం లేదు.

ఒక్కోసారి ఒకే ప్రదేశంలో కీ పనిచేయదు, అక్కడి నుంచి కదలగానే మామూలుగా పనిచేస్తుంది. దగ్గర్లో ఉన్న టవర్ లాంటి వాటి రేడియో తరంగాలు అడ్డం వస్తే అలా జరుగుతుంది. దానికి సెల్ మార్చాల్సిన పని లేదు.

దారిలో ఆగిపోతే ఏం చేయాలి?

కీ కారుతో బండి నడిపేవారైతే సమస్య లేదు. కీని డోర్ రంధ్రంలో పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది. లోపల కూడా కీ పెట్టి తిప్పి స్టార్ట్ చేయవచ్చు.

బటన్ స్టార్ట్ కారు అయితే ఇలా చేయండి.

ఒకటి: స్మార్ట్ కీ పక్కన గానీ వెనక గానీ చిన్న మీట ఉంటుంది. దాన్ని జరిపినా నొక్కినా లోపల దాచిన ఇనుప తాళంచెవి బయటకు వస్తుంది.

రెండు: డ్రైవర్ డోర్ హ్యాండిల్ దగ్గర తాళం రంధ్రం చూడండి. కొన్ని కార్లలో అది బయటకు కనిపించదు. హ్యాండిల్ చివర చిన్న ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. మూతను మెల్లగా పైకి లేపితే రంధ్రం కనిపిస్తుంది.

మూడు: తాళంచెవితో డోర్ తెరవగానే అలారం మోగవచ్చు. కంగారు పడొద్దు. బండి స్టార్ట్ అయితే అది ఆగిపోతుంది.

నాలుగు: బ్రేక్ నొక్కి పట్టుకోండి. గేర్లు మార్చే బండి అయితే క్లచ్ కూడా నొక్కండి. కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకుని బటన్ నొక్కండి. కొన్ని కార్లలో కీతోనే బటన్ నొక్కమంటారు. మరికొన్నిటిలో కీ పెట్టడానికి ప్రత్యేకంగా ఒక చోటు ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ పేజీ తప్పకుండా ఉంటుంది.

ఈ పని ఒక్కసారి ఇంటి దగ్గర, పగటిపూట, తీరిగ్గా చేసి చూడండి. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చూపించండి. మగవాళ్లు సౌదీలోనో దుబాయ్‌లోనో ఉండి, ఇక్కడ భార్యో కొడుకో కూతురో కారు చూసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. అర్ధరాత్రి వీడియో కాల్‌లో నేర్పించడం కంటే సెలవుకు వచ్చినప్పుడు చేతికిచ్చి నేర్పించడం మేలు.

ఏ సెల్ కొనాలి?

దుకాణానికి వెళ్లి "కారు కీ సెల్ ఇవ్వండి" అంటే సరిపోదు. సెల్ మీద ఒక నంబర్ ఉంటుంది. అదే నంబర్ కొనాలి. చాలా కార్ల కీల్లో సీఆర్ 2032 వాడతారు. కొన్నిటిలో సీఆర్ 2025, సీఆర్ 1620, సీఆర్ 1632, సీఆర్ 2450 లాంటివి ఉంటాయి.

ఈ నంబర్లలో రహస్యమేమీ లేదు. 2032 అంటే అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. 2025 అంటే అడ్డం అంతే, మందం మాత్రం 2.5 మిల్లీమీటర్లు. 1620 అంటే అడ్డం 16, మందం 2 మిల్లీమీటర్లు. ముందున్న సీఆర్ అక్షరాలు అది గుండ్రటి లిథియం సెల్ అని చెబుతాయి. వీటన్నిటిలోనూ 3 వోల్టులే.

"2032 లేదు, 2025 తీసుకోండి, రెండూ ఒకటే" అని దుకాణదారు అంటే ఒప్పుకోవద్దు. పల్చటి సెల్ వేస్తే లోపల వదులుగా ఉండి ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి పనిచేయదు. పల్చటి సెల్ ఉండాల్సిన చోట మందంది దూరిస్తే లోపలి రేకు వంగిపోతుంది, కొన్నిసార్లు మూత కూడా పడదు.

ఇంకో జాగ్రత్త. ఎల్ఐఆర్ 2032 అనే పేరుతో ఛార్జింగ్ సెల్లు కూడా అమ్ముతారు. సైజు ఒకటే అయినా పూర్తిగా ఛార్జ్ అయినప్పుడు వాటి వోల్టేజ్ 4 దాటుతుంది. కారు కీలో అవి వేయకూడదు. అలాగే సీఆర్ సెల్‌ను ఎప్పుడూ ఛార్జ్ చేయకూడదు, అది పగిలిపోవచ్చు.

డబ్బాలో విడిగా పోసి అమ్మే సెల్లు కాకుండా, అట్టకు సీల్ చేసి, తేదీ ముద్రించి ఉన్న మంచి కంపెనీ సెల్ తీసుకోండి. వాచీల దుకాణాల్లో, ఎలక్ట్రికల్ షాపుల్లో, పెద్ద కిరాణా స్టోర్లలో దొరుకుతాయి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని కంపెనీలు సెల్ మీద చేదు పూత వేస్తున్నాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే అది మంచిదే. కాకపోతే ఆ పూత వల్ల కొన్ని పరికరాల్లో కాంటాక్ట్ సరిగ్గా అందకపోవచ్చు. అలా అయితే వేరే కంపెనీ సెల్ వేసి చూడాలి.

మార్చే పద్ధతి

బల్ల మీద తెల్లటి గుడ్డ పరుచుకోండి. చిన్న భాగాలు దొర్లిపోకుండా ఉంటాయి. సన్నటి చదును స్క్రూడ్రైవర్ ఒకటి చాలు. దాని మొనకు టేపు చుడితే కీ మీద గీతలు పడవు. చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకోండి. చిన్నపిల్లలు నిద్రపోయాకో బయటకు వెళ్లినప్పుడో ఈ పని పెట్టుకోండి.

1. స్మార్ట్ కీ అయితే ముందు లోపలి ఇనుప తాళంచెవి బయటకు తీయండి. చాలా కీల్లో అది తీసిన చోటే మూత తెరిచే సందు కనిపిస్తుంది. మడిచే కీ అయితే అంచు చుట్టూ చూడండి, చిన్న గాడి ఉంటుంది. పాత రకం కీల్లో చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని ముందు విప్పాలి.

2. ఆ సందులో స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా తిప్పండి. టక్‌మని మూత విడుతుంది. బలంగా లోపలికి గుచ్చొద్దు, లోపల సర్క్యూట్ బోర్డు ఉంటుంది. ఒక వైపు రాకపోతే అంచు వెంట జరుగుతూ ప్రయత్నించండి.

3. పాత సెల్‌ను తీసే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. ప్లస్ గుర్తు ఉన్న వైపు పైకి ఉందా, కిందికి ఉందా అన్నది తర్వాత గొడవ లేకుండా తెలుస్తుంది. సెల్ మీద వెడల్పుగా, నంబర్ రాసి ఉన్న వైపే ప్లస్.

4. సెల్‌ను అంచు నుంచి ప్లాస్టిక్ పుల్లతోనో గోరుతోనో లేపండి. ఇనుప పట్టకారుతో రెండు వైపులా కలిపి పట్టుకోవద్దు, షార్ట్ అవుతుంది. సెల్‌ను పట్టుకునే రేకులను వంచొద్దు.

5. తీసిన పాత సెల్‌ను వెంటనే టేపుతో రెండు వైపులా చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టండి. "పని అయ్యాక తీద్దాం" అనుకోవద్దు.

6. కొత్త సెల్‌ను అంచులు పట్టుకుని, ఫోటోలో ఉన్నట్టే అమర్చండి. సెల్ లేనప్పుడు కీ బటన్లు నొక్కకుండా ఉండడం మంచిది.

7. రబ్బరు వాషర్ ఉంటే దాన్ని సరిగ్గా గాడిలో కూర్చోబెట్టండి. వాన నీళ్లు లోపలికి పోకుండా ఆపేది అదే. మూత చుట్టూ నొక్కితే టక్‌టక్‌మని పట్టుకోవాలి. తర్వాత కారు దగ్గరకు వెళ్లి లాక్, అన్‌లాక్, స్టార్ట్ మూడూ చూసుకోండి.

మార్చినా పనిచేయకపోతే

మొదట సెల్ తిరగబడిందేమో చూడండి. ఎక్కువసార్లు జరిగే తప్పు అదే. తర్వాత రేకులు సెల్‌ను తాకుతున్నాయా, వాటి మీద తెల్లటి బూజులాంటి మరక ఉందా చూడండి. ఉంటే పొడి గుడ్డతో తుడవండి. అప్పటికీ కాకపోతే ఇంకో కొత్త సెల్ వేసి చూడండి. దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉన్న సెల్ కొన్నప్పుడే బలహీనంగా ఉండవచ్చు.

సెల్ మార్చితే కీకి మళ్లీ ప్రోగ్రామింగ్ చేయాలని కొన్నిచోట్ల పెద్ద మొత్తం అడుగుతారు. చాలా కార్లకు ఆ అవసరం ఉండదు. కీ గుర్తింపు చిప్‌లో శాశ్వతంగా ఉంటుంది, సెల్ తీసినంత మాత్రాన చెరిగిపోదు. కొన్ని పాత మోడళ్లలో మాత్రం కీని కారుతో మళ్లీ జత చేయాల్సి రావచ్చు. ఆ పద్ధతి కారు పుస్తకంలో ఉందేమో ముందు చూసుకోండి. డబ్బు మాట ఆ తర్వాత.

పిల్లలు ఆడుకుంటూ కారుకు దూరంగా కీని వందలసార్లు నొక్కినా కొన్ని కార్లలో జత తప్పుతుంది. కారణం ఏమిటంటే, నొక్కిన ప్రతిసారీ కీ పంపే కోడ్ మారుతుంది. కీ చాలా ముందుకు వెళ్లిపోతే కారు దాన్ని గుర్తుపట్టదు. కారు కీ ఆటవస్తువు కాదనడానికి ఇది ఒక కారణం. రెండో కారణం అంతకంటే పెద్దది.

పాత సెల్‌తోనే అసలు ప్రమాదం

20 మిల్లీమీటర్ల లిథియం సెల్ చిన్నపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే సైజు. అక్కడ తడి తగలగానే సెల్ నుంచి కరెంటు ప్రవహించడం మొదలవుతుంది. దాంతో ఆ చోట ఘాటైన క్షారం పుడుతుంది. అది సబ్బు సోడాలాగా లోపలి కండను కాల్చేస్తుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. ఆలస్యమైతే అన్నవాహికకు రంధ్రం పడడం, పక్కనే ఉన్న పెద్ద రక్తనాళం దెబ్బతినడం, ప్రాణం పోవడం కూడా జరుగుతాయి.

"అయిపోయిన సెల్ కదా, ఏం చేస్తుంది" అనుకోవడం పెద్ద పొరపాటు. కీని నడపలేని సెల్‌లో కూడా కండను కాల్చేంత శక్తి మిగిలి ఉంటుంది. ఈ ప్రమాదం కారణంగానే ఆస్ట్రేలియాలో 2022 జూన్ నుంచి ఇలాంటి సెల్లు, వాటితో నడిచే వస్తువుల మీద కఠినమైన నిబంధనలు అమల్లోకి వచ్చాయి. అమెరికా కూడా అదే ఏడాది చట్టం చేసింది.

పిల్లవాడు సెల్ మింగాడని అనుమానం వచ్చినా చాలు, లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. కొందరు పిల్లల్లో మొదట ఏమీ కనిపించదు. కొందరిలో చొంగ ఎక్కువగా కారడం, దగ్గు, వాంతి, అన్నం వద్దనడం, ఛాతీ పట్టుకుని ఏడవడం కనిపిస్తాయి. వెంటనే ఎక్స్‌రే, ఎండోస్కోపీ సౌకర్యం ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెలుగు రాష్ట్రాల్లో 108కి ఫోన్ చేయవచ్చు. "బటన్ సెల్ మింగినట్టు అనుమానం" అని డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పండి. వాంతి చేయించొద్దు. అరటిపండు, అన్నం ముద్ద లాంటివి పెట్టి కిందికి దించాలని చూడొద్దు.

ఈ విషయంలో తేనెకు ఒక స్థానం ఉంది. తేనెలో షిఫా ఉందన్న మాట ముస్లిం ఇళ్లలో కొత్తది కాదు. సెల్ మింగిన 12 గంటల లోపు, ఆసుపత్రికి వెళ్లే దారిలో, ఏడాది దాటిన పిల్లలకు పది నిమిషాలకు ఒకసారి రెండు టీ స్పూన్ల తేనె ఇవ్వవచ్చని విష ప్రమాదాల నిపుణులు చెబుతున్నారు. ఆరుసార్లకు మించి ఇవ్వకూడదు. తేనె సెల్ చుట్టూ పూతలా ఏర్పడి కాలడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది. అంతే తప్ప అది వైద్యం కాదు. తేనె కొనడానికి దారిలో ఆగకూడదు. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు ఇవ్వకూడదు. పిల్లవాడు మింగలేకపోతున్నా ఇవ్వకూడదు. ఇంకేమీ తినిపించకూడదు, తాగించకూడదు.

సెల్ ముక్కులోనో చెవిలోనో ఇరుక్కున్నా ఇది అత్యవసరమే. చుక్కల మందు వేయకుండా డాక్టర్ దగ్గరకు పరుగెత్తాలి.

టేపు చుట్టిన పాత సెల్లను మామూలు చెత్తలో వేయకూడదు. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను ఇంటి చెత్త నుంచి వేరుగా ఇవ్వాలి. మూత గట్టిగా ఉన్న సీసాలో వేసి పైన అల్మరాలో ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇచ్చేయండి.

సెల్ ఎక్కువ కాలం రావాలంటే

స్మార్ట్ కీని కారు నిలిపిన చోటికి ఆనుకుని ఉన్న గోడకు తగిలించొద్దు. కారు, కీ ఒకదాన్నొకటి పలకరించుకుంటూ రెండింటి బ్యాటరీలనూ ఖర్చు చేస్తాయి. కొన్ని మీటర్ల దూరంలో, ఇంటి లోపలి గదిలో పెట్టండి. టీవీ, ఫోన్ ఛార్జర్ పక్కన కూడా వద్దు. ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదిలేయొద్దు. వానలో తడిస్తే వెంటనే తెరిచి సెల్ తీసి, రెండూ ఆరాకే మళ్లీ వేయండి.

రెండో కీని మరిచిపోవద్దు. బీరువాలో ఊరికే ఉన్నా దాని సెల్ కూడా మెల్లగా అయిపోతుంది. ఒక కీకి మార్చినప్పుడు రెండోదానికీ మార్చి, తేదీ కాగితం మీద రాసి పెట్టుకోండి. రంజాన్ మొదలయ్యే ముందో, ఊరి ప్రయాణం పెట్టుకున్నప్పుడో టైర్లలో గాలి చూసినట్టే రెండు కీలనూ ఒకసారి పరీక్షించండి. సహరీ వేళ ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చినా కారు మొదటి నొక్కుకే తెరుచుకోవాలి. పాత సెల్ మాత్రం ఆ ఇంట్లో ఏ పిల్లవాడి చేతికీ అందకూడదు.